ఎదుట ఎవరున్నట్టు? పద్యం, స్వగతం, ఏకపాత్ర: ఒక సమీక్ష

హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే హఫీజ్‌పేట, చందానగర్, ఆ తర్వాత లింగంపల్లి. అక్కడ సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన కుటుంబ నాటక సమాజానికి వారసులైన కళాకారులు అక్కడుంటారు. రైలెక్కిన చోట, అద్దాల మేడల మధ్య, ఆఫీసు అయ్యాక నటన నేర్చుకునే కుర్రాళ్ళు హామ్లెట్ స్వగతాన్నో సినిమా దుర్యోధనుడి డైలాగునో వల్లె వేస్తుంటారు. ఈ రెండు చోట్లకూ నడుమ, గచ్చిబౌలి దారిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం. అందులో సరోజినీ నాయుడు స్కూల్‌కు చెందిన రంగస్థల కళల శాఖ. గట్టిగా గంట ప్రయాణం లేని మేరలో మూడు బడులు. ఒక బడిలో పిల్లలు చెవితో నేర్చుకుంటారు, ఇంకో బడిలో పుస్తకం విప్పి నేర్చుకుంటారు, మూడో బడిలో వారాంతపు వర్క్‌షాపులో, ఆ తర్వాత ఫోన్ కెమెరా ముందు నేర్చుకుంటారు. ఒకరి పాఠం ఒకరికి పెద్దగా తెలియదు. చిక్కు మాత్రం ముగ్గురిదీ ఒకటే. పాత నాటకంలోని పెద్ద పద్యాన్నో స్వగతాన్నో ఒక్కడే నిలబడి చెప్పాల్సి వచ్చినప్పుడు నటుడు ముందు దేన్ని పట్టుకోవాలి? రాగాన్నా, అర్థాన్నా, ఆవేశాన్నా?

మన దగ్గర ఈ తగాదా నూరేళ్ళ పైబడింది. ఒక ఇంటిలోనే పుట్టిందన్నా తప్పులేదు. బళ్ళారిలో సరస వినోదినీ సభ పెట్టి, ‘చిత్రనళీయం’ ఆడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకానికి పాటనూ, పాడే పద్యాన్నీ అలవాటు చేసినవారిలో ముందువరసలో ఉంటారు. ఆయన మేనల్లుడే తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే బళ్ళారి రాఘవ. వృత్తికి వకీలు. మేనమామ నేర్పిన పాటను మేనల్లుడు కాదన్నాడు. పాత్ర దుఃఖంలో ఉంటే గొంతు దుఃఖంలో ఉండాలి, ఆర్మోనియం చూపిన దారిలో పోకూడదు అన్నది రాఘవ పట్టు. 1920ల చివర ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షా వంటివారిని కలిసి వచ్చిన మనిషి కాబట్టి ఇదంతా విదేశీ మోజు అని కొందరు కొట్టిపారేశారు. అది అన్యాయమైన మాట. రాఘవ అడిగినదానికి మన శాస్త్రంలోనే పునాది ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రెండో పక్షం తక్కువదేమీ కాదు. కపిలవాయి రామనాథశాస్త్రి, పారుపల్లి సుబ్బారావు, అద్దంకి శ్రీరామమూర్తి, ఈలపాట రఘురామయ్య పద్యం ఎత్తుకుంటే రాత్రి మూడు గంటలకు కూడా జనం కదిలేవారు కారు. రాగం పద్యానికి తగిలించిన నగ అనుకుంటే పొరపాటు. రాగంలో భావం ఉంటుంది. మోహనలో చెప్పిన మాట, ముఖారిలో చెప్పిన మాట ఒకటి కావు. పామర జనానికి సంస్కృత సమాసం అర్థం కాకపోయినా పాత్ర గుండెలో ఏముందో అర్థమైందంటే అది రాగం చేసిన మేలే. కాబట్టి రాఘవ గెలిచాడనీ రాగం ఓడిందనీ తీర్పు చెప్పడం కుదరదు. జనం ముందు రాగమే గెలిచింది, అదీ చాలా కాలం.

అయితే గెలిచిన క్రమంలో పద్యం ఒక నష్టం మూటగట్టుకుంది. దీన్ని విమర్శకులు తగినంత పట్టించుకున్నట్టు నాకు కనబడదు. గ్రామఫోను వచ్చింది. ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. నాటకం పట్టదు, పద్యం పడుతుంది. పద్యం నాటకంలోంచి బయటికొచ్చి ఇంటింటా మోగింది. తర్వాత కాంట్రాక్టు నాటకాలు. కాంట్రాక్టరు పేరున్న నటులను తలా ఒక ఊరి నుంచి పిలిపించి ఒక రాత్రికి కలిపేవాడు. ఒకే నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకో కృష్ణుడు. ఎదురుగా ఉన్న దుర్యోధనుడితో అంతకుముందు ఒక్క రిహార్సలైనా ఉందో లేదో. ఇక కృష్ణుడు ఎవరితో మాట్లాడతాడు? జనంతోనే మాట్లాడతాడు. జనం వన్స్ మోర్ అంటే చచ్చినవాడు కూడా లేచి పద్యం మళ్ళీ పాడి పడిపోయేవాడని పాతవాళ్ళు చెప్పుకునే హాస్యంలో సగానికి పైగా నిజమే. ప్లేటు నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి యూట్యూబుకు, యూట్యూబు నుంచి రీలుకు వచ్చేసరికి పద్యం ముందూ వెనకా కథ లేని తునక అయింది. తునక చెడ్డదని కాదు. ఆ పద్యం వినవలసిన మనిషి దాని ఎదుట లేకుండా పోయాడు. ఈ వ్యాసంలో నా వాదన అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నటుడు ముందుగా పట్టుకోవలసింది రాగాన్నీ కాదు, ఆవేశాన్నీ కాదు, ఎదుట ఉన్నవాణ్ణి.

బడి వార్షికోత్సవాల మోనో యాక్షన్ చూడండి. మన ప్రాంతంలో ఎక్కువమంది పిల్లలకు నటనతో మొదటి పరిచయం అదే కనుక దాన్ని వెక్కిరించడం నాకిష్టం లేదు. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుడి సంభాషణ నలభై ఏళ్ళు దాటినా పోటీల్లో మోగుతూనే ఉంది. మియాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో దసరా వేదిక మీదా, ఐటీ కంపెనీ వార్షిక వేడుకల్లోనూ అదే గద, అదే మీసం, అదే గొంతు. ఆ సంభాషణకు సినిమాలో సందర్భముంది. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి కులం అడిగి ఆపారు. ఆపిన ఆచార్యులు ఎదుటే ఉన్నారు. మీ పుట్టుకల మాటేమిటని దుర్యోధనుడు ఒక్కొక్కరినీ చూపిస్తూ నిలదీస్తున్నాడు. ఒక ప్రశ్న అడగడం, ఎదుటివాడు తల దించుకోవడం చూడడం, ఆ చూపుతో ఇంకో ప్రశ్నకు పోవడం. సభలో కర్ణుడు కూడా వింటున్నాడు. అవమానంతో నిలబడ్డ మిత్రుణ్ణి ఓరకంట చూసుకుంటూ చెప్పే మాటలవి. పోటీలో మాత్రం ఆ ఆచార్యులుండరు, కర్ణుడుండడు, జడ్జీల బల్ల ఉంటుంది. పిల్లవాడు జడ్జీలనే నిలదీసి, బహుమతి తీసుకుని వెళ్ళిపోతాడు. ఎన్టీఆర్ గొంతుకు ఎంత దగ్గరగా వచ్చాడన్నదే కొలత. దుర్యోధనుడికి ఎంత దగ్గరగా వచ్చాడని ఎవరూ అడగరు.

ఇప్పుడు, రాఘవ పట్టుకు పునాది ఉందన్న శాస్త్రం. నాట్యశాస్త్రంలో భరతుడు వాచికం గురించి చెప్పింది పరీక్షల కోసం బట్టీ పట్టే జాబితాగా మిగిలిపోయింది కానీ, పని చేసే నటుడికి పనికొచ్చే మాటలు అందులో ఉన్నాయి. గొంతుకు మూడు స్థానాలు: ఉరస్సు, కంఠం, శిరస్సు. ఏది ఎప్పుడు? ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడన్నదాన్ని బట్టి. దూరాన ఉన్నవాణ్ణి శిరస్సుతో, మరీ దూరం కానివాణ్ణి కంఠంతో, పక్కనున్నవాణ్ణి ఉరస్సుతో పలకరించాలి. చూశారా, గొంతును నిర్ణయించేది పాత్ర కోపమో శోకమో కాకముందు, వినేవాడు ఎక్కడున్నాడన్న సంగతి. మరొకటి కాకువు. పలికే తీరుతో అర్థం మారడం. దానిలో సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండు. చెప్పవలసింది ఇంకా ఉందని వినేవాడికి తెలిసేలా పలకడం మొదటిది. మాట పూర్తయిందని తెలిసేలా పలకడం రెండోది. ఈ రెండు మాటలు తెలిసిన నటుడికి పెద్ద పద్యం ముందు భయం సగం పోతుంది.

స్వగతమంటే నటుడు గోడవైపు తిరిగి గొణుక్కోవడం కాదని కూడా మన నాటకకర్తలకు బాగా తెలుసు. సంస్కృత నాటకం చెప్పే తీరులను విడదీసి పేర్లు పెట్టింది. అందరూ వినేది ప్రకాశం, తనలో తాను అనుకునేది స్వగతం, చేయి అడ్డుపెట్టి ఒక్కరికి చెప్పేది జనాంతికం, పక్కకు తిరిగి చెప్పేది అపవారితం, రంగం మీద లేనివాడితో మాట్లాడేది ఆకాశభాషితం. ఈ చివరిదాని మీదే ఒక రూపకం మొత్తం నిలబడింది. దశరూపకాల్లో భాణం అంటే ఒకే నటుడి నాటకం. విటుడు వీధిలో నడుస్తూ, కనబడని మనుషులను పలకరిస్తూ, వాళ్ళ జవాబులను తనే తిరిగి చెబుతూ, ఒక నగరాన్ని మొత్తం చూపిస్తాడు. శూద్రక, ఈశ్వరదత్త, వరరుచి, శ్యామిలకుల పేర్ల మీద ఉన్న ‘చతుర్భాణి’ అలాంటిదే. ఏకపాత్రాభినయం కొత్తగా పడమటి నుంచి వచ్చిందనుకునేవాళ్ళు ఒకసారి ఆ నాలుగు భాణాలు చదవాలి. ఒక్కడే నటుడు; ఎదుట మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు.

శాస్త్రం చాలు, పద్యానికి వద్దాం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో, రాయబారం ఘట్టంలో కృష్ణుడు చెప్పే ఒక శార్దూలం ఛందస్సు పేరు తెలియనివారికి కూడా నోటికి వచ్చు. ధ్వజం మీద హనుమంతుడు, ముందు తెల్ల గుర్రాలు, వాటిని తోలుతూ తాను, వెనక రథం మీద అల్లెతాడు లాగుతున్న అర్జునుడు, చెల్లాచెదురయ్యే సేన. బొమ్మ తర్వాత బొమ్మ. కానీ వాక్యం ముగిసేది ఎక్కడ? నాలుగో పాదంలో. ఆ పూట నువ్వు సంధి అని మొరపెట్టినా ఆలకించేవాడు ఒక్కడూ ఉండడు, కురురాజా, అన్నది అసలు మాట. అంతకుముందు ఉన్నదంతా ఆ పూట ఎలా ఉంటుందో చూపించడమే. పద్యం మొత్తం ఒకే వాక్యం, క్రియ చివర్న.

ఎక్కువమంది నటులు మొదటి పాదం చివర ఆగుతారు. అక్కడ గొంతు సాగుతుంది, ఆర్మోనియం అందుకుంటుంది, చప్పట్లు కూడా పడతాయి. నిరాకాంక్షంగా, అంటే మాట అయిపోయినట్టు, పలికారన్నమాట. అప్పుడు పద్యం రథం వర్ణన అయిపోతుంది. కృష్ణుడు తన రథం అందం చెప్పడానికి హస్తిన రాలేదు. మూడు పాదాలూ సాకాంక్షంగా, ఇంకా ఉంది, విను అన్నట్టు కట్టుకుంటూ వస్తే, చివరి పాదం దగ్గర సభ ఊపిరి బిగబడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పద్యాన్ని అందరూ కోపంతో చెబుతారు. వచ్చినవాడు రాయబారి. సంధి కుదర్చడానికి వచ్చి, కుదరడం లేదని తెలిసి, ఆఖరిసారి హెచ్చరిస్తున్నాడు. కోపం కంటే జాలి ఎక్కువ ఉండాలి అందులో. వినకపోతే ఏం జరుగుతుందో తనకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది, అవతలివాడికి కనబడడం లేదు. షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడినీ, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడినీ పోల్చి వాదించుకునే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన గొంతు దగ్గర మొదలైనా, చివరికి తేలేది ఈ జాలి ఎవరిలో ఎంత అన్న దగ్గరే.

పద్యం నేర్చుకునేవాడికి మన పాత బడి ఇచ్చిన పనిముట్టు అన్వయం. పంతులుగారు పద్యం చదివించి, పదాలు విడదీయించి, కర్త ఎవరు, క్రియ ఎక్కడ, ఏ విశేషణం ఎవరిది అని అడిగి, వచనంలో వాక్యం చెప్పించేవారు. ఇప్పుడు నటన తరగతుల్లో సబ్‌టెక్స్ట్, ఆబ్జెక్టివ్ అని స్తానిస్లావ్‌స్కీ మాటలు వినబడతాయి. అవి మంచి మాటలే. కానీ క్రియ ఎక్కడుందో తెలియని కుర్రాడు ఆ పాత్రకు ఏం కావాలో ఎలా చెబుతాడు? ముందు అన్వయం, తర్వాతే మిగతాది. పద్యాన్ని వచనంలోకి విప్పి, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ మామూలుగా చెప్పగలిగినవాడు పద్యంలోకి తిరిగి వెళ్ళినప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

యతి దగ్గర కూడా చాలామంది పడిపోతారు. సంస్కృతంలో యతి విరామం. తెలుగులో అది అక్షర మైత్రి. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది మొదటి అక్షరంతో చెలిమి చేయాలంతే. అక్కడ ఆగమని ఛందస్సు చెప్పలేదు. ఆ అక్షరం చాలాసార్లు ఒక మాట మధ్యలో పడుతుంది. పట్టి పట్టి చదివే నటుడు అక్కడ మాటను రెండు ముక్కలు చేస్తాడు. వచనంలా చదివేసే నటుడు ఆ మైత్రి వినబడకుండా మింగేస్తాడు. యతి స్థానం మీద గొంతు కాస్త బరువు వేసి, ఆగకుండా దాటాలి. ప్రాస కూడా అంతే. ఇది ఇంగ్లీషు రంగస్థలం వారికీ కొత్త గొడవ కాదు. పంక్తి చివర ఆగాలా, వాక్యం వెంట పోవాలా అని షేక్‌స్పియర్ నటులు తరతరాలుగా కొట్టుకుంటున్నారు. 1980లలో జాన్ బార్టన్ టెలివిజన్ పాఠాలు చెప్పినప్పుడు పెద్ద పెద్ద నటులను ఎదుట కూర్చోబెట్టుకుని ఈ పని మీదే గంటలు గడిపాడు. ఆయన పట్టు ఏమిటంటే, పాత్రకు ఆ మాట ఆ క్షణంలోనే తట్టినట్టుండాలని. మన పద్యానికి అక్షరాలా వర్తించే మాట.

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ ఎదుట నిజంగానే ఎవరూ లేరు. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’లో నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలను చేర్చుకున్నారు, డి.వి. సుబ్బారావు వంటివారి గొంతులో అవి ఊరూరా తిరిగాయి. ఆ పద్యాల్లో ఒక సీసం ఉంది. నాలుగు పెద్ద పాదాలూ చోటును చూపించే ఒకే మాటతో మొదలవుతాయి. ఒక పాదంలో కవి కలం, ఒక పాదంలో రాజముద్రిక, ఒక పాదంలో కొత్త ఇల్లాలి నల్లపూసలు, ఒక పాదంలో చిత్రకారుడి కుంచె. అన్నీ నశించినవే. నటులు సాధారణంగా నాలుగింటినీ ఒకే బరువుతో, ఒకే వైరాగ్యంతో చెబుతారు. పద్యం జాషువాది కావచ్చు, చెబుతున్నవాడు మాత్రం హరిశ్చంద్రుడు. మొన్నటిదాకా రాజు. భార్యను అమ్ముకున్నవాడు. ఇప్పుడు వీరబాహుడి కాటికాపరి. కవి గురించి చెప్పేటప్పుడు లోకం తీరు చెబుతున్నాడు. రాజముద్రిక దగ్గరకు వచ్చేసరికి ఆ లోకంలో తనూ ఉన్నాడని తెలుస్తుంది. నల్లపూసల దగ్గర గొంతు ఆగాలి. కుంచె దగ్గర తేరుకుని మళ్ళీ లోకం మాటల్లోకి తప్పించుకోవాలి. చివర ఎత్తుగీతిలో శ్మశానమే ఒక సింహాసనం అవుతుంది. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని అప్పుడు తెలుసుకోవాలి. ఇంత ప్రయాణం ఉంది ఆ సీసంలో.

నాలుగుసార్లు చోటు చూపించినప్పుడు నాలుగు చోట్లు ఉండాలి కదా. నాలుగు చితులు, నాలుగు బూడిద కుప్పలు. ప్రేక్షకుడికి కనబడకపోయినా నటుడికి కనబడాలి. చేయి ఒకే వైపు నాలుగుసార్లు ఊపితే ఆ చోటు అబద్ధమైపోతుంది. స్వగతంలో ఎదుట ఎవరుంటారన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఆ బూడిద కుప్పలే వింటున్నాయి. మరో ముఖ్యమైన సంగతి: చంద్రమతి లోహితుడి శవంతో వచ్చేది ఆ తర్వాత. నటుడికి తెలుసు, హరిశ్చంద్రుడికి తెలియదు. మొదటి పద్యానికే కళ్ళు తుడుచుకునే నటుడు కొడుకు చావును ముందే ఖర్చు పెట్టేసుకున్నాడు. అసలు దెబ్బ తగిలినప్పుడు అతని దగ్గర ఇంకేమీ మిగలదు.

వచన స్వగతాల్లో మనకున్న మొదటి గొప్పది గిరీశానిది. ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపం పొందింది. విజయనగరం బొంకుల దిబ్బ మీద గిరీశం ఒక్కడే మాట్లాడుతూ నాటకం మొదలవుతుంది. డబ్బు ఇబ్బంది, పూటకూళ్ళమ్మ, మధురవాణి, ఊరు విడిచిపోయే ఆలోచన. తనతో తాను మాట్లాడుకునేవాడు నిజం చెప్పుకోవాలి కదా? గిరీశం తనతో తాను కూడా గొప్పలే చెప్పుకుంటాడు. గురజాడ చమత్కారం అది. కాబట్టి ఆ పాత్ర వేసేవాడికి ఎదుట ఒక అద్దం లాంటి గిరీశం కావాలి. ఆ రెండోవాడిని మెప్పించడానికే మొదటివాడు ఇంగ్లీషు ముక్కలు దొర్లిస్తాడు. నవ్వించాలని చూసే నటుడి చేతిలో ఈ స్వగతం చప్పబడిపోతుంది. తన తెలివి మీద నిజమైన నమ్మకంతో చెబితేనే జనం నవ్వుతారు. దశాబ్దాల పాటు ఈ నాటకాన్ని భుజాన మోసిన జె.వి. రమణమూర్తి గిరీశాన్ని చూసినవాళ్ళు ఆ నమ్మకాన్నే గుర్తు చేసుకుంటారు. ఒక చిన్న మాట, పక్కదారే అయినా: నేటి హైటెక్ సిటీ కుర్రాడికి హామ్లెట్ కంటే గిరీశం దగ్గరవాడు. సగం ఇంగ్లీషు, సగం అప్పులు, మొత్తం ధీమా. ఆడిషన్‌కు అతన్ని ఎవరూ తీసుకెళ్ళకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

స్త్రీ పాత్రల సంగతి వేరుగా ఆలోచించాలి. సత్యభామ, చింతామణి, చిత్రాంగి వంటి పాత్రల పలుకుబడి చాలావరకు మగ నటుల గొంతులో రూపుదిద్దుకుంది. స్థానం నరసింహారావు సత్యభామ అందుకు శిఖరం. ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఆమె పాడే పేరుపొందిన పాట ఆయన కట్టుకున్నదే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామ కూడా అంతే. వాళ్ళు గొప్పవాళ్ళు, అనుమానం లేదు. కానీ వాళ్ళు పరిశీలించి కట్టిన స్త్రీని ఇప్పటి నటి మళ్ళీ అనుకరిస్తే అది అనుకరణకు అనుకరణ అవుతుంది. రాఘవ ఆడవాళ్ళే ఆడ పాత్రలు వేయాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతి వంటివారిని రంగం మీదికి తెచ్చాడు. సురభిలో అంతకుముందు నుంచే ఇంటి ఆడవాళ్ళు వేషం కట్టారు. తెలుగు నటి తన సత్యభామను వెతుక్కోవాలంటే స్థానం దగ్గర హొయలు కాకుండా, సురభి స్త్రీల దగ్గర తడుముకోని మాటను చూడాలని నా అభిప్రాయం.

తెలంగాణ యాస ఉన్నవాడు పద్యానికి పనికిరాడని ఇంకా కొందరంటారు. చుక్క సత్తయ్య ఒగ్గుకథ విన్నవారెవరూ ఆ మాట అనలేరు. ఒక్క మనిషి, వెనక డోలు, క్షణంలో రాజు, క్షణంలో గొల్లది, క్షణంలో దేవుడు. కోస్తాలో ఆదిభట్ల నారాయణదాసు హరికథకు చేసింది కూడా ఇదే. చిందు యక్షగానంలో చిందు ఎల్లమ్మ వేషం కూడా తెలంగాణ మట్టిదే. పాత్ర మారినప్పుడు వీళ్ళ మెడ ముందు తిరుగుతుంది, గొంతు తర్వాత మారుతుంది. అంటే, ముందు ఎదుటివాడు మారతాడు. పద్యానికి అడ్డొచ్చేది యాస కాదు. ళ, ణ, ఒత్తులు పలకలేకపోవడం అడ్డొస్తుంది. అది ఏ జిల్లావాడికైనా సాధనతో పోయేదే. తెలుగు పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకునే అలవాటు మాత్రం పోవాలి. ఆ రాతలో ల, ళ ఒకటే, దీర్ఘం ఎక్కడో తెలియదు. దీర్ఘం పోతే గురువు పోయింది, గురువు పోతే గణం పోయింది.

మళ్ళీ మన మూడు బడుల దగ్గరికి. సురభి బలం తడబాటు లేని మాట, ఉత్తుత్తిదనిపించని చూపు. పుట్టినప్పటి నుంచి అరవై అడుగుల దూరం వినబడేలా పలకడం. బలహీనత, పాఠం చెవి నుంచి చెవికి వచ్చినందువల్ల పద్యం అర్థం కొన్నిసార్లు రాగం వెనక దాక్కోవడం. మంచి దర్శకుడు దొరికితే అది కూడా మారుతుందని 1990లలో బి.వి. కారంత్ వారితో చేసిన పని చూపించింది. బ్రెక్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా సురభి నటులే ఆడారు. ఆ సమాజాన్ని నడిపించిన రేకందార్ నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అనేవారు, 2013లో పద్మశ్రీ అందుకుని 2022లో కన్నుమూశారు. విశ్వవిద్యాలయం బలం పాఠ విశ్లేషణ, దేహ శిక్షణ. అక్కడ పద్యానికి దక్కే చోటు ఇంకా పెరగాలి. వర్క్‌షాపుల బలం ఉత్సాహం. వారమంతా పనిచేసి ఆదివారం పొద్దున్నే లేచి వచ్చేవాళ్ళను చులకన చేయకూడదు. అయితే మూడు నిమిషాల ఆడిషన్ ముక్కను వాళ్ళు నటన మొత్తమని అనుకుంటున్నారు. కెమెరాకు ముఖం చూపడం వచ్చినంతగా, లేని మనిషిని ఎదుట నిలబెట్టడం రావడం లేదు. కాలర్ మైకు వచ్చాక ఊపిరి సంగతి మరీ మరుగున పడింది. గుసగుస కూడా హాలంతా వినబడుతుంటే, పద్యాన్ని నాభి నుంచి లేపవలసిన అవసరమేముందని అడుగుతారు. మైకు గొంతును పెంచుతుంది, వాక్యాన్ని మోయదు. శార్దూలాన్ని ఒక్క ఊపిరిలో మూడో పాదం దాకా తీసుకుపోవలసింది నటుడే.

కాబట్టి మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో తరగతులు నడుపుతున్నవారికి ఒక విన్నపం. నెలకు ఒక్కరోజైనా లింగంపల్లి నుంచి ఒక సురభి కళాకారుణ్ణి పిలిపించి, తగిన పారితోషికం ఇచ్చి, పద్యం చెప్పించండి. ఆ పద్యానికే ఒక తెలుగు మాస్టారి చేత అన్వయం చెప్పించండి. రెండు పాఠాలూ ఒకే రోజు, ఒకే గదిలో. ఇక ఏకపాత్రాభినయం పోటీలు పెట్టేవారికి: మూడు నిమిషాల గడువును పదికి పెంచండి, పోటీదారుడి ఎదుట మాట లేకుండా కూర్చుని వినే ఒక మనిషిని వేదిక మీద ఉంచడానికి అనుమతించండి, మార్కుల్లో సగం ఆ మనిషితో మాట్లాడినందుకు ఇవ్వండి.